ముట్టడిలో గుర్రపు మాంసం: కుట్‌లో మన సిపాయిలు ఎందుకు ముట్టలేదు?

పాతదస్త్రం (రాజమహేంద్రవరం)
సోమవారం, రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. పదవీ విరమణ చేసినా మా వీధి పిల్లలకు చరిత్ర చెప్పడం మానలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియా గురించి నోట్సు రాసుకుంటూ ఒకచోట ఆగిపోయాను. నాలుగు రోజులుగా అదే ఆలోచన.

కుట్ అల్ అమారా ఇప్పటి ఇరాక్‌లో, టైగ్రిస్ నది మెలికలో ఉన్న ఊరు, అప్పట్లో చిన్నది. 1915 డిసెంబర్ 7న ఒట్టోమన్ సైన్యం దాన్ని చుట్టుముట్టింది. లోపల ఉన్నది మేజర్ జనరల్ టౌన్షెండ్ నడిపిన ఆరవ పూనా డివిజన్. పేరుకు బ్రిటిష్ సైన్యం, మనుషుల్లో ఎక్కువమంది మనవాళ్లు. మరాఠాలు, రాజపుత్రులు, పంజాబీలు, గూర్ఖాలు, వాళ్ల వెంట వంటవాళ్లు, కంచరగాడిదలు తోలేవాళ్లు. దాదాపు అయిదు నెలలు నిలబడి 1916 ఏప్రిల్ 29న లొంగిపోయారు. దాదాపు 13,000 మంది బందీలయ్యారు.

నిల్వలు తరుగుతున్నకొద్దీ గుర్రాలను, కంచరగాడిదలను కోయడం మొదలుపెట్టారు. బ్రిటిష్ సిపాయిలు తిన్నారు. మనవాళ్లలో అత్యధికులు ముట్టలేదు. హిందువులూ ముట్టలేదు, ముస్లింలూ ముట్టలేదు. పిండి కోటా వారం వారం తగ్గుతూ, చివరికి మనిషికి రోజుకు ఓ గుప్పెడు పిండికి దిగింది. పక్క గుడారంలో మాంసం ఉడుకుతున్న వాసన వస్తోంది. అయినా వద్దన్నారు. పొలాల గట్ల మీద మొలిచిన పిచ్చి మొక్కలు కోసుకుని ఆకుకూరలా ఉడికించుకుని తిన్నారు.

ఎందుకు? దీన్ని పిల్లలకు ఎలా చెప్పాలి? మీ మీ అభిప్రాయాలు రాయండి.

---

నల్లరేగడి (కర్నూలు)
సోమవారం, రాత్రి 9:48

మాష్టారూ, ఆకలి రుచి ఎరగదు అని మనమే కదా సామెత చెప్పుకుంటాం. ఎదురుగా మాంసం పెట్టుకుని ఎముకల గూడైపోవడం నాకు మూర్ఖపు పట్టుదలలాగే కనిపిస్తోంది. ప్రాణం ఉంటేనే కదా ఆచారం. పిల్లలకు కూడా అలాగే చెప్పండి. దాన్ని త్యాగం అని పొగడడం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం.

---

పాతదస్త్రం
సోమవారం, రాత్రి 10:30

పొగడను. తిట్టడానికీ నోరు రావడం లేదు. కొన్ని సంగతులు మీ ముందు పెడతాను.

ఒకటి, 1857 అప్పటికి ఇంకా మరీ పాతబడలేదు. తూటాలకు పూసిన కొవ్వు ఏ జంతువుదన్న అనుమానం దగ్గర ఎంత మంట లేచిందో సిపాయి తాతకు తెలుసు, దొరకూ తెలుసు. అందుకే గుర్రపు మాంసం తినమని ఆజ్ఞ జారీ చేసి ఊరుకునే ధైర్యం పైవాళ్లకు లేకపోయింది. నెలల తరబడి నచ్చజెప్పడంతోనే సరిపోయింది. నిస్తంత్రీ తంతి మీద భారతదేశంలోని పండితుల దగ్గర నుంచి, ఇస్లాం మతపెద్దల దగ్గర నుంచి అనుమతులు తెప్పించారు. ఆపద్ధర్మంగా తినవచ్చని వాళ్లు చెప్పారు. అయినా వెంటనే కదలలేదు. ఏప్రిల్ వచ్చాకే చాలామంది తినడం మొదలుపెట్టారు. అప్పటికే ఒళ్లు గుల్లయిపోయింది.

రెండు, సిపాయి భయం పైలోకం గురించి కాదని నా నమ్మకం. ఊరి గురించి. యుద్ధం ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది అయిపోతుంది. తర్వాత వెళ్లవలసింది ఆ ఊరికే, ఆ భోజనాల బంతిలోకే. "వీడు గుర్రాన్ని తిన్నాడు" అన్న మాట తనకంటే ముందు ఊరు చేరితే ఆడపిల్ల పెళ్లి ఏమవుతుంది? పండితుడు తంతి పంపగలడు. వియ్యంకుడు పంపడు కదా.

---

పశువైద్యం_1987 (కరీంనగర్)
మంగళవారం, ఉదయం 6:20

పశువైద్యుడిగా ముప్పై ఏళ్లు చేశాను. కుట్ ముట్టడి మా చదువులో రాలేదు కానీ పోషకాహారం గురించి చదివేవాళ్లకు అది పాఠమే.

ఒకే ఊళ్లో, ఒకే ముట్టడిలో, రెండు రకాల తిండి తిన్న రెండు బృందాలకు రెండు వేర్వేరు జబ్బులు వచ్చాయి. మనవాళ్లకు స్కర్వీ వచ్చింది. చిగుళ్లు వాచి రక్తం కారడం, పాత గాయాలు మళ్లీ తెరుచుకోవడం, కాళ్లు నల్లబడడం దాని లక్షణాలు. బ్రిటిష్ సిపాయిలకు బెరిబెరి వచ్చింది. కాళ్లు తిమ్మిరెక్కి, ఒళ్లు వాచి, గుండె నీరసిస్తుంది.

కారణం పళ్లెంలోనే ఉంది. తాజా మాంసంలో విటమిన్ సి చాలా కొద్దిగా ఉంటుంది. ఆ కొద్దే చాలు. రోజుకు 10 మిల్లీగ్రాములు అందినా స్కర్వీ రాదు. గుర్రపు మాంసం తిన్నవాళ్లను అది కాపాడింది. అదే బ్రిటిష్ సిపాయి తిన్న తెల్ల పిండి రొట్టెలో పొట్టుతోపాటు బి1 కూడా పోయింది. మనవాళ్లు తిన్న ముతక పిండిలో, బార్లీలో అది మిగిలి ఉంది. అందువల్ల మనవాళ్లకు బెరిబెరి అంతగా రాలేదు. అప్పటికి విటమిన్ అన్న మాట పుట్టి నాలుగేళ్లే.

ఆ ముట్టడిలో ప్రధాన వైద్యాధికారి పాట్రిక్ హెహిర్. ఈయన అంతకుముందు నిజాం రాజ్యంలో పనిచేసినవాడు. మత్తుమందు క్లోరోఫాం మీద హైదరాబాద్‌లో జరిగిన పరిశోధనల్లో ఆయన పేరు వస్తుంది. పచ్చి ఆకులు తినండని సిపాయిలకు చెప్పింది ఆయన వైద్య బృందమే.

గుర్రపు మాంసం రుచి గురించి ఒక్క మాట. అందులో గ్లైకోజెన్ (కండలో నిల్వ ఉండే ఒక రకం చక్కెర పదార్థం) ఎక్కువ, కొవ్వు తక్కువ. అందుకే కాస్త తియ్యగా ఉంటుంది. కొవ్వు తక్కువ కావడం కరువులో పెద్ద లోపం. కొవ్వు, పిండి లేకుండా వట్టి బక్క మాంసం తింటూ పోతే కడుపు నిండినట్టే ఉంటుంది, మనిషి మాత్రం క్షీణిస్తాడు. ముట్టడిలో గుర్రానికీ గడ్డి ఉండదు కాబట్టి కోసేనాటికి అదీ బక్కచిక్కే ఉంటుంది.

నల్లరేగడి గారూ, తినకపోవడం మూర్ఖత్వం అన్నారు. వైద్యుడిగా తినమనే చెప్పేవాణ్ణి, కాళ్లు పట్టుకునైనా చెప్పేవాణ్ణి. కానీ తెల్ల రొట్టె వదులుకోవడానికి ఇష్టపడని బ్రిటిష్ సిపాయిని మూర్ఖుడు అని ఎవరూ అనరు. ఎవరి అలవాటు వాళ్లకు అన్నమే.

---

తరువోజ (గుంటూరు)
మంగళవారం, మధ్యాహ్నం 1:15

ఆపద్ధర్మం అన్న మాట వచ్చింది కాబట్టి రెండు కథలు.

మహాభారతం శాంతిపర్వంలో పన్నెండేళ్ల కరువు వస్తుంది. విశ్వామిత్రుడు ఆకలితో ఒక చండాలుడి గుడిసె దగ్గర పడిపోతాడు. లోపల కుక్క తొడ వేలాడుతుంటుంది. దొంగిలించబోతే ఇంటివాడు లేస్తాడు. ఆ తర్వాత జరిగే వాదమే అసలు రుచి. తినకూడదని ధర్మం చెప్పేది చండాలుడు, బతికి ఉంటే ధర్మం తర్వాత చేసుకోవచ్చని వాదించేది మహర్షి. చివరికి తీసుకెళతాడు. దేవతలకు నివేదించబోయే వేళకు వాన కురుస్తుంది.

రెండోది ఛాందోగ్య ఉపనిషత్తులోది. కురుదేశంలో పంటలు పాడైపోతే ఉషస్తి చాక్రాయణుడు ఏనుగుల వాళ్ల ఊరికి చేరతాడు. ఒకడు నాసిరకం మినుములు తింటుంటే అడుగుతాడు. "ఇవి నా ఎంగిలివే, వేరే లేవు" అంటాడు అతను. "ఫరవాలేదు, పెట్టు" అని తింటాడు. అతను నీళ్లు ఇవ్వబోతే మాత్రం ఎంగిలి వద్దంటాడు. "మినుములు మాత్రం ఎంగిలి కాదా?" అని అతను అడుగుతాడు. "అవి తినకపోతే బతికేవాణ్ణి కాను. నీళ్లు నాకు ఎక్కడైనా దొరుకుతాయి" అంటాడు ఉషస్తి.

నాకు ఈ రెండో కథ ఎప్పుడూ ఎక్కువ ఇష్టం. ఆకలితో చచ్చిపోతూ కూడా గీత ఎక్కడ దాటాలో, ఎక్కడ ఆగాలో లెక్క చూసుకున్నాడు. కుట్‌లోని సిపాయికి శాస్త్రం అడ్డం రాలేదని దీన్నిబట్టే చెప్పవచ్చు. శాస్త్రం ఎప్పుడో దారి వదిలింది. మాష్టారు చెప్పిన వియ్యంకుడే వదల్లేదు.

---

నల్లరేగడి
మంగళవారం, మధ్యాహ్నం 2:02

మూర్ఖత్వం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. పంక్తిలో కూర్చోనివ్వరేమో అన్న భయం ఎలాంటిదో మా ఇంట్లోనూ తెలుసు. కానీ ఆ భయం పెట్టినవాళ్ల మీద కోపం మాత్రం అలాగే ఉంది. అది వెనక్కి తీసుకోను.

---

పెన్నా_ఒడ్డు (నెల్లూరు)
మంగళవారం, సాయంత్రం 5:40

ఇటువంటి చర్చల్లో "వింత మాంసం" అన్న మాట చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఎవరికి వింత?

మా ఊరి చుట్టుపక్కల యానాదులు పొలం ఎలుకలను పట్టడంలో నేర్పరులు. వరి కోతలయ్యాక గట్ల మీద బొరియలు వెతికేవాళ్లు. ఒక కన్నం దగ్గర కుండలో పొగ పెట్టి ఊదితే, పొగ ఏ కన్నంలోంచి బయటికి వస్తుందో చూసి అక్కడ కాపు వేస్తారు. ఎలుక దాచుకున్న వరి కంకులు కూడా తవ్వి తీసుకుంటారు. నా చిన్నతనంలో మా పొలంలో పనిచేసే ఆయన ఒక బొరియలోంచి చేట నిండా కంకులు తీయడం కళ్లారా చూశాను. ఎలుకను కాల్చి, బొచ్చు గీకి, పసుపు రాసి కూర వండుకునేవాళ్లు. అది వాళ్లకు కరువు తిండి కాదు, పంట కాలపు తిండి. తొలకరిలో ఉసిళ్లు పడితే వేయించుకుని తినడం మన పల్లెల్లో ఎంతమందికి తెలియదు?

ప్యారిస్ ముట్టడిలో ఎలుకలు తిన్నారని పుస్తకాల్లో నోళ్లు వెళ్లబెట్టి రాస్తారు. యుద్ధం వచ్చినప్పుడు గొప్పవాళ్లు తింటే చరిత్ర, ఏటా పేదవాళ్లు తింటే ఎగతాళి. ఈ తేడా కూడా పిల్లలకు చెప్పండి మాష్టారూ. ఇది నా మనవి.

---

సీన్_నది_పక్కన (ప్యారిస్)
మంగళవారం, రాత్రి 11:30

పెన్నా ఒడ్డు గారూ, చాలా బాగా చెప్పారు. ప్యారిస్ సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడ ఉంటున్నవాడిగా రాస్తున్నాను.

ముట్టడి 1870 సెప్టెంబర్ 19న మొదలై 1871 జనవరి 28న ముగిసింది. చుట్టూ ప్రష్యా సైన్యం. సుమారు 65,000 గుర్రాలను తిన్నారని లెక్క చెబుతారు. గుర్రపు మాంసం అమ్మకాన్ని ప్యారిస్‌లో 1866లోనే అనుమతించారు, కాబట్టి జనానికి అది పూర్తిగా కొత్త కాదు. తర్వాత పిల్లులు, కుక్కలు, ఎలుకలు. ఎలుక మాంసం నిజానికి పేదవాడి తిండి కాలేదు. దాని మీద పోయవలసిన మసాలా రసాల ఖర్చే ఎక్కువయ్యేది.

జంతు ప్రదర్శనశాలలకు మేత లేక జంతువులను అమ్మేశారు. కాస్టర్, పొలక్స్ అని రెండు ఏనుగులు, ప్యారిస్ పిల్లలు వాటి మీద ఎక్కి తిరిగేవాళ్లు. డిసెంబర్ 29, 30 తేదీల్లో వాటిని కాల్చి చంపారు. ఊస్మాన్ వీధిలో దుకాణం ఉన్న ఒక కసాయి 27,000 ఫ్రాంకులకు ఆ జతను కొన్నాడు. తొండం అన్నిటికంటే ఎక్కువ ధర పలికింది. నీటిగుర్రానికి 80,000 ఫ్రాంకులు అడిగితే కొనేవాడు లేక అది బతికిపోయింది. కోతులను చంపడానికి మాత్రం చేతులు రాలేదు. మరీ మనిషి పోలిక అనుకున్నారు.

వొయాజాన్ అనే భోజనశాలలో ఆ ఏడాది క్రిస్మస్ నాటి పదార్థాల జాబితా చాలా ప్రసిద్ధి. గాడిద తలకాయ కూరి వండినది, ఏనుగు చారు, కాల్చిన ఒంటె, కంగారూ పులుసు, ఎలుగుబంటి పక్కటెముకలు, తోడేలు తొడ, చుట్టూ ఎలుకలు పేర్చిన పిల్లి. చదివినవాళ్లంతా ప్యారిస్ అంతా ఇలాగే తిన్నదనుకుంటారు. జనవరిలో పేదల పేటల ఆడవాళ్లు చలిలో తెల్లవారకముందే వరుసలో నిలబడి తెచ్చుకున్నది గడ్డీ తవుడూ కలిసిన నల్ల రొట్టె, అరచేతిలో పట్టేంత గుర్రపు మాంసం. ఆ జాబితాను మాత్రం ఎవరూ చట్రం కట్టి గోడకు తగిలించలేదు.

---

పాతదస్త్రం
బుధవారం, ఉదయం 7:05

ఒక సందేహం. ఏనుగులను చంపింది డిసెంబర్ 29, 30 అంటున్నారు. క్రిస్మస్ అంటే 25. ఆ రోజు చారులోకి ఏనుగు ఎక్కడి నుంచి వచ్చింది?

---

సీన్_నది_పక్కన
బుధవారం, ఉదయం 10:50

సరిగ్గా పట్టుకున్నారు మాష్టారూ. కాస్టర్, పొలక్స్ మాంసం అయితే అయ్యే అవకాశం లేదు. జాబితాలో రాసిన పేరుకూ గిన్నెలో ఉడికినదానికీ పొంతన ఉండాలన్న నియమం ముట్టడిలో ఎందరు పాటించి ఉంటారు? ఆ రోజుల్లో చాలామంది తిన్న "ఏనుగు" గుర్రమే అయి ఉంటుందని నా అభిప్రాయం.

---

నేవా_తీరం (విజయవాడ)
బుధవారం, సాయంత్రం 6:25

నేను సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వైద్యవిద్య చదివాను. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆ ఊరి పేరు లెనిన్‌గ్రాడ్. జర్మన్ సైన్యం చేసిన ఆ ముట్టడి గురించి అక్కడి ముసలివాళ్లు ఎక్కువగా మాట్లాడరు. రొట్టె ముక్క కింద పడితే మాత్రం వంగి తీసి ముద్దు పెట్టుకోవడం చూశాను.

1941 సెప్టెంబర్ 8 నుంచి 1944 జనవరి 27 దాకా, 872 రోజులు. ఆ మొదటి చలికాలంలో, నవంబర్ 20 నుంచి డిసెంబర్ 25 దాకా, కార్మికులు కానివాళ్లకు రోజుకు 125 గ్రాముల రొట్టె. అందులోనూ పిండి కానివి కలిపేవారు. జనం పెంపుడు పిల్లులను, కుక్కలను తిన్నారు. అవి అయిపోయాక తోలు పటకాలు ఉడకబెట్టారు. జంతువుల ఎముకలు, తోళ్లతో చేసే వడ్రంగి బంకను నీళ్లలో మరిగించి, గడ్డకట్టనిచ్చి ముక్కలుగా కోసుకుని తిన్నారు. పిల్లులు లేక ఎలుకలు పెరిగిపోతే 1943లో యారస్లావల్ నుంచి రైల్లో పిల్లులను తెప్పించారు.

తిననివాళ్ల సంగతి కూడా చెప్పాలి. సెయింట్ ఐజాక్ కూడలిలో వవిలోవ్ విత్తన సంస్థ ఉంది. ముట్టడిలో ఆ భవనం నిండా వడ్లు, గోధుమలు, బఠాణీలు, వేరుశనగలు. ప్రపంచమంతా తిరిగి సేకరించిన విత్తనాలు. వాటిని కాపాడుతూ అక్కడి శాస్త్రజ్ఞులు ఆకలితో చనిపోయారు. వరి విత్తనాల బాధ్యుడు ద్మిత్రి ఇవానోవ్ వేల వరి పొట్లాల మధ్యనే పోయాడు. వేరుశనగ నిపుణుడు షూకిన్ తన బల్ల దగ్గరే పోయాడు. వాటిని సేకరించిన వవిలోవ్ అప్పటికి స్టాలిన్ జైల్లో ఉన్నాడు, 1943 జనవరిలో సరాతోవ్‌లో కన్నుమూశాడు.

అక్కడి జంతు ప్రదర్శనశాలలో నీటిగుర్రం ఉండేది, పేరు క్రసావిత్స, అంటే అందగత్తె. నీటి గొట్టాలు పనిచేయక దాని చర్మం పగలడం మొదలైంది. యెవ్‌దోకియా దాషినా అనే ఉద్యోగిని రోజూ నేవా నదికి వెళ్లి జారుబండి మీద 40 బిందెల నీళ్లు తెచ్చి, వేడిచేసి దానికి పోసేది. కర్పూరం కలిపిన నూనె రాసేది. బాంబులు పడుతుంటే దాని పక్కనే పడుకునేది. ఊరంతా ఆకలితో చస్తుంటే అంత మాంసం అక్కడ నిలబడి ఉంది. ఎవరూ కొయ్యలేదు. అది ముట్టడి దాటి బతికింది.

నల్లరేగడి గారు మొదట అన్న మాట నన్ను ఇక్కడ వేధిస్తుంది. వరి పొట్లాల మధ్య చనిపోయినవాణ్ణి మనం వీరుడు అంటాం. గుర్రపు మాంసం పక్కన పెట్టుకుని చనిపోయిన రాజపుత్ర సిపాయిని ఏమనాలి?

---

వంశధార (శ్రీకాకుళం)
గురువారం, రాత్రి 10:15

మూడు రోజులుగా చదువుతున్నాను. ఇది రాయాలా వద్దా అనుకుంటూ ఇవాళ రాస్తున్నాను.

మా తాతయ్య రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. అప్పట్లో అక్కడ మన తెలుగు కూలీలు వేలల్లో. కోరంగీలు అనేవాళ్లు, కోరంగి రేవు పేరు మీద. ఆయనతోపాటు ఆయన బావమరిది, అంటే మా నాయనమ్మ తమ్ముడు కూడా ఉండేవాడు, పందొమ్మిదేళ్లవాడు. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడల్లో చోటు మనలాంటివాళ్లకు దొరకలేదు. మాండలే మీదుగా, చింద్విన్ నది దాటి, సరిహద్దులోని తాము అనే ఊరి దారిలో మణిపూర్ వైపు నడిచారు.

కొండల్లో నాలుగో రోజుకు బియ్యం అయిపోయింది. దారి పక్క లోయ వాలులో సైన్యం వదిలేసిన కంచరగాడిద ఒకటి కాలు విరిగి పడి ఉంది. ఎవరో దాన్ని చంపారు. క్షణాల్లో జనం మూగారు. తాతయ్య కొడవలి పట్టుకుని ఒక తొడ ముక్క కోసుకొచ్చాడు. ఆయన దగ్గర ఒక ఇత్తడి చెంబు ఉండేది. తడి వెదురు రాజేసి ఆ చెంబులోనే ఉడికించాడు. ఉప్పు లేదు. "మాంసం కంటే ఆ ఉప్పు లేకపోవడమే నాలుకకు గుర్తుండిపోయిందిరా" అనేవాడు. నమిలితే పీచులా సాగేదట. కళ్లు మూసుకుని మింగాడు.

బావమరిది తినలేదు. వాసనకే వాంతి చేసుకున్నాడు. అరటి దవ్వ నమిలాడు, దారిలో కుంట నీళ్లు తాగాడు. విరేచనాలు పట్టుకున్నాయి. మణిపూర్‌లోని పలేల్ ఊరు ఇంకా ఒక రోజు నడక ఉందనగా పోయాడు. తాతయ్య ఇంఫాల్ చేరి, దిమాపూర్‌లో రైలెక్కి ఇంటికొచ్చాడు.

ఇదంతా ఆయన నాకు చెప్పింది 1994లో, ఒక వానాకాలం రాత్రి. అప్పటిదాకా ఇంట్లో అందరికీ తెలిసింది "జ్వరంతో పోయాడు" అని మాత్రమే. ఆయన చెబుతుండగా నాయనమ్మ గుమ్మం వెనక నిలబడి వింటోందని మాకు తెలియదు. లోపలికి వచ్చింది. ఆయన కంచరగాడిదను తిన్నందుకు కోప్పడుతుందేమో అనుకున్నాను. ఆ మాటే ఎత్తలేదు.

"నువ్వు తిన్నావు కనక వచ్చావు. వాడికి బలవంతంగానైనా ఎందుకు పెట్టలేదు?" అని అడిగింది.

తాతయ్య తల దించుకున్నాడు. ఆ రాత్రి మరి మాట్లాడలేదు.

---

పశువైద్యం_1987
గురువారం, రాత్రి 11:02

వంశధార గారూ, ఒక్క మాట చెప్పనివ్వండి. విరేచనాలు నీళ్ల వల్ల వచ్చి ఉంటాయి. అప్పటికే ఒళ్లు అంత చిక్కాక ఒక పూట మాంసం పెట్టినా ఆ అబ్బాయి నిలిచేవాడని చెప్పలేం. కుట్‌లో కూడా లొంగిపోయాక తుర్కులు ఇచ్చిన గట్టి బిస్కట్లు ఆకలి మీద తిని ఎంతోమంది పోయారు. మీ తాతగారు పెట్టకపోవడం వల్ల జరిగింది కాదిది.

---

వంశధార
శుక్రవారం, ఉదయం 5:50

డాక్టరు గారూ, ఈ మాట చెప్పేవాళ్లు 1994లో మా ఇంట్లో ఎవరూ లేకపోయారు. చాలా సంతోషం.

---

పాతదస్త్రం
శుక్రవారం, ఉదయం 8:15

అమ్మా వంశధారా, ఆదివారం పిల్లలకు కుట్ గురించి చెప్పేటప్పుడు పేర్లు లేకుండా మీ తాతగారి సంగతి కూడా చెప్పవచ్చా? నేవా తీరం గారు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పిల్లల ముందు అలాగే పెడతాను. ఆ ఇత్తడి చెంబు ఇంకా ఉందా?

---

వంశధార
శుక్రవారం, ఉదయం 9:40

తప్పకుండా చెప్పండి మాష్టారూ. చెంబు ఉంది. ఆ రాత్రి తర్వాత నాయనమ్మ దాన్ని వంటకు వాడనివ్వలేదు, అమ్మనివ్వలేదు. ఇప్పుడు మా పెద్దన్నయ్య ఇంట్లో అటక మీద ఉంది. అడుగున సొట్ట, ఒక పక్క వెదురు మంట నలుపు ఇంకా పోలేదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఫొటో తీసి ఇక్కడ పెడతాను.